వేట విడిది వేసే ప్రశ్న

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసేవారనీ, పట్టాభిషేకమైన పదేళ్లకు తాను సంబోధిని దర్శించాననీ, నాటి నుంచి ధర్మయాత్రలు మొదలైనాయనీ వాటిలో ఒకటి తెలుపుతుంది. రాజు వేట మానడం శిలపై చెక్కదగిన విశేషమైంది. అయితే, వేట మానిన ప్రతివాడూ అశోకుని వలె త్యాగం చేసినట్లేనా?

ఈ సందేహానికి నల్లమలలో ఒక సాక్ష్యం ఉంది. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ పీఠభూమిపై, ఫరహాబాద్‌లో, నిజాం ప్రభువుల వేట విడిది శిథిలమై కనిపిస్తుంది. 'ఫరహ్' అంటే ఆనందం. ఆ విడిదిని కట్టిన అడవి చెంచులది. విడిదికి వచ్చినవారికి వేట వినోదం. చెంచుకు అది కూటి ప్రయత్నం. హైమెండార్ఫ్ 1943లో చెంచులపై ప్రకటించిన గ్రంథాన్ని చూస్తే, వారిని ప్రధానంగా పోషించినవి అడవి దుంపలూ పండ్లేననీ, విల్లంబులతో సాధించిన మాంసం అప్పుడప్పుడు లభించేదేననీ బోధపడుతుంది. రెండు పనులకూ మన భాషలో 'వేట' అన్న ఒకే మాట ఉండటంతో, వాటి మధ్యనున్న నైతిక భేదం మరుగున పడింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నల్లమలలో ఈ రెండు వేటలనూ నిషేధించింది. 1983లో ఆ అడవి పులుల అభయారణ్యమైంది. అడవిబిడ్డల హక్కులను గుర్తించిన 2006 చట్టం సైతం సంప్రదాయికమైన వేట హక్కును మినహాయించింది.

నిషేధం అనవసరమని అనలేం. చంపినవాని ఉద్దేశం ఏదైనా, చనిపోయిన దుప్పికి భేదం లేదు. దుప్పులు తరిగితే పులి బతకదు. ప్రాణిపట్ల మన బాధ్యత అక్కడ స్పష్టమే. స్పష్టం కానిది మనిషిపట్ల మన బాధ్యత. నిండిన విస్తరి ముందు కూర్చున్నవాడు వినోదాన్ని వదులుకుంటే అది త్యాగం. ఆకలిగొన్నవాడు ఆహారాన్ని వదులుకోవలసివస్తే అది నష్టం. త్యాగానికి ప్రశంస చాలు. నష్టానికి పరిహారం కావాలి.

నేడు ఫరహాబాద్‌కు తుపాకీ స్థానంలో కెమెరాతో యాత్రికులు వస్తున్నారు. విలాసం రూపు మార్చుకుని అడవిలోనే నిలిచింది. చెంచు విల్లుకు బదులుగా మనం ఏమిచ్చామన్నదే ఆ శిథిలం వేస్తున్న ప్రశ్న. భూమి, విద్య, వైద్యం, అడవి సంరక్షణలో గౌరవప్రదమైన భాగస్వామ్యం: ఇవి దయతో ఇచ్చే దానాలు కావు, తీర్చవలసిన రుణాలు. ఆ రుణం తీరినప్పుడే మన అహింస ధర్మమనిపించుకుంటుంది.