దాచిన చేయి

వణకెడు చేతిని ఉత్తరీయము క్రింద దాచుకొనువాడు రోగమునకు వెరచుచున్నాడా, చూచువారికా? మనవారు కంపవాతమనెడి ఈ వ్యాధిని 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించెను. మందులు వణకును తగ్గించునేకాని వ్యాధిని నిర్మూలింపజాలవు. సిగ్గును అసలే మాన్పజాలవు. న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ పార్కిన్సన్ సంఘమువారు 2001లో మార్క్ మోరిస్ నృత్యబృందముతో గూడి రోగులకు నృత్యపాఠములు ప్రారంభించిరి. అచ్చట అడుగిడినవాడు రోగి కాడు, విద్యార్థి. తడబాటును చూచి నవ్వువారు లేరు. అందరి అడుగులును తడబడునవే. నిలిచిపోయిన కాలు సంగీతము తోడైనపుడు కొందరికి కదలును. జాలి మనుష్యుని గదిలో కూర్చుండబెట్టును. సాహచర్యము వీథిలోనికి నడిపించును. ఇంటి పెద్దను పెండ్లిపందిటికి రావలదని వారించు మనము కాపాడుచున్నది ఆయన పరువునా, మన పరువునా?