పాత పేరు, కొత్త గొంతు

సంక్రాంతి వెళ్లిన తరువాత, మిరప కోతలు సగమై, కల్లములలో కాయ యెఱ్ఱగా పఱచియున్న దినములలో మా ఊరికి ఒక బుర్రకథ దళము వచ్చెను. రెండు దినములు ముందుగానే ఆటోకు మైకు కట్టి ఊరంతయు చాటిరి. వారు చెప్పిన పేరు నేను చిన్ననాట వినిన పేరే. ఆ పేరు చెవిని బడగానే, నలువది యేండ్ల క్రిందట తండ్రిగారి ఒడిలో కూర్చుండి వినిన గొంతు మరల నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ దినము పని త్వరగా ముగించుకొని, చాప చంకను పెట్టుకొనిపోయి ముందు వరుసలో కూర్చుంటిని.

వేదికమీద ముగ్గురు నిలిచిరి. నడుమ తంబుర పట్టిన కథకుడు నేనెరిగినవాడు కాడు. పాత కథకుడు గతించి ఆరేండ్లైనదట. ఈయన ఆయన చిన్న కుమారుడు. ఒక ప్రక్క హాస్యము చెప్పువాడు మీసము సరిగా రాని పడుచువాడు. రెండవ ప్రక్క గుమ్మెట వాయించు ముసలివాడొక్కడే పాతవాడు. కథ పావు వంతైనను కాకమునుపే నేను చాప చుట్టుకొని లేచితిని. ఊరకయే లేవలేదు. “ఆ పేరు పెట్టుకొని వీళ్లేం చెబుతారు?” అని ప్రక్కవారు వినునట్లు అంటిని కూడ.

మరునాటి ఉదయమున టీ కొట్టు యొద్ద ఆ ముసలివాడు నన్ను గుర్తుపట్టెను.

“ఏమయ్యా, రాత్రి మధ్యలో లేచిపోయింది నువ్వే గదా? మా అన్న లేడని నాకు తెలవదా? ముప్పై ఏళ్లు ఆయన పక్కన నిలబడ్డా. ఈ కుర్రోడు తంబుర ఎత్తిన మొదటి రోజు ఏడుపొచ్చి నా చేయి ఆడలా. కానీ నేను కూడా మానుకుంటే, ఆయన చెప్పింది వీడికి ఎవరు చెబుతారు?”

నాకు బదులు దొరకలేదు. టీ చల్లారిపోయెను. ఆ ప్రశ్న మాత్రము నాతో కూడ ఇంటికి వచ్చెను. మొదటివారందరు లేని దళమును ఆ దళమే యనవచ్చునా? ఆ పేరు పెట్టుకొనుట న్యాయమా? చూడబోయిన మనము ఏ మనస్సుతో చూడవలెను?

బుర్రకథ మన ప్రాంతపు సొత్తు. దానికి పేరు తెచ్చిన షేక్ నాజరు గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిరి. పల్నాటి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట వినుటకు జనులు బండ్లు కట్టుకొని వచ్చెడివారు. 1986లో పద్మశ్రీ పొందిరి. 1997లో గతించిరి. ఆయన గొంతు ఆయనతోనే పోయెను. అయితే తాను ఎరిగినది ఇతరులకు నేర్పియుండెను గనుక తందాన పలుకుట ఆగిపోలేదు.

సురభివారిని చూడుడి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున, వనారస గోవిందరావు గారి పూనికచేత, కీచకవధ నాటకముతో ఆ సమాజము ఆరంభమైనది. నూట నలువది యేండ్లైనది. మొదటి దినమున వేషము కట్టినవారిలో నేడొక్కరును లేరు. అయినను సురభి నాటకమనినచో ఇది సురభి కాదనువారు లేరు. ఏలయనగా తల్లి వేషము చూచి కుమార్తెయు, తండ్రి పద్యము విని కుమారుడును తెరవెనుకనే పెరిగిరి. అక్కడ పేరు పనితో కూడ చేతులు మారెను.

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారి సంగతి ఇంకను చిత్రమైనది. 1920 ప్రాంతమున బాపట్లలో హరిశ్చంద్ర నాటకము జరుగవలసిన రాత్రి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ కొరత తీర్చుటకు ఈ పడుచువానిని నిలువబెట్టిరి. రాని మనుష్యుని కొరకు ఎదురుచూచుచు ఆ రాత్రి ఎందరు సణిగిరో! ఆ పడుచువాడే తెనాలి రామవిలాస సభలో స్త్రీ పాత్రలకు పెట్టినది పేరైన నటుడై, 1956లో పద్మశ్రీ పొందెను. మొదటి అంకములోనే చాప చుట్టుకొని పోయినవాడెవడైన ఉన్నయెడల, వాడు పోగొట్టుకొన్నదేమో వానికి తెలియనే తెలియదు.

అయితే అన్నియు ఇట్లే యుండునా? ఉండవు. పేరునుబట్టి జనులు టిక్కెట్టు కొందురు గనుక, పేరు దొంగిలించువారును ఉందురు. 1974లో అమెరికా దేశమున ఫ్లీట్‌వుడ్ మాక్ అను ప్రసిద్ధ సంగీత దళము పేరిట ప్రదర్శనలు ప్రకటించిరి. టిక్కెట్లు కొనివచ్చిన జనులకు వేదికమీద కనబడినది ఆ దళము వారిలో ఒక్కడును లేని వేరొక గుంపు. ఆ తగవు కోర్టుకెక్కెను. అచ్చట పేరున్నది, పని చేతులు మారలేదు.

ఇంగ్లాండు దేశములో క్వీన్ అను దళమున్నది. వారి గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో చనిపోయెను. తరువాత మరియొకడు మానుకొనెను. మిగిలిన ఇద్దరును కొన్నేండ్లకు ఆడమ్ లాంబర్ట్ అను అమెరికా పడుచువానితో కలిసి పాడనారంభించిరి. వారు చేసిన మంచి పని ఏమనగా, తమ దళము పేరు ప్రక్కనే ఆ కొత్తవాని పేరును కూడ ప్రకటనలో వేసిరి. వచ్చువారు ఎవరిని వినబోవుచున్నారో ముందే తెలిసి వచ్చిరి. లెడ్ జెపెలిన్ అను మరియొక దళము వారు 1980లో తమ డ్రమ్ముల వాద్యకారుడు మరణింపగా, అతడు లేక మునుపటివలె సాగలేమని చెప్పి దళమునే చాలించిరి. అదియు మర్యాదయే. 2007లో లండనులో ఒక రాత్రి వారు మరల కూడినప్పుడు ఆ డ్రమ్ముల యొద్ద కూర్చున్నవాడు మృతుని కుమారుడే.

కాబట్టి పాతవారు ఎందరు మిగిలిరని తలలు లెక్కించుట చాలదు. రెండు సంగతులు అడుగవలెను. వేదికమీద నున్నవారు ఆ పనిని ముందటివారి యొద్ద నేర్చుకొనిరా? ఎవరున్నారో ఎవరు లేరో జనులకు నిజము చెప్పిరా? ఎండలో మిరపకాయ కోసి, పత్తి తీసి సంపాదించిన కూలి డబ్బుతో ఒక పేద కుటుంబము టిక్కెట్టు కొనినప్పుడు, ఆ నిజము వారికి ఋణమై యున్నది.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో యూదా స్థానము ఖాళీయైనప్పుడు పదునొకండుగురు ఆ చోటును విడిచిపెట్టలేదు. దారిన పోవువానిని తెచ్చి నిలువబెట్టనులేదు. మొదటినుండి తమతో కూడ తిరిగినవాడై, చూచినవాడై యుండవలెనను నియమము పెట్టుకొనిరి. మత్తీయకు అంతకుముందు పేరు లేదు. తోడి నడక మాత్రము ఉండెను.

ఇక వినువాని సంగతి. ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయము తెరచి చదువుడి. కూలిపోయిన దేవాలయము చోట మరల పునాది వేసిన దినమున ఒక్క రాతి యెదుట రెండు తరములు నిలిచెను. పాత మందిరమును ఎరిగినవారికి కన్నీరాగలేదు. ఎరుగని పడుచువారికి సంతోషము పట్టలేదు. దూరముననున్నవారికి ఆ రెండును ఒక్క ధ్వనియై వినవచ్చెను. ఆ వృద్ధుల కన్నీటిని ఎవరును తప్పుపట్టలేదు. అయితే నేను వెదకి చూచితిని. వారు ఏడ్చిరనియే యున్నది గాని, లేచిపోయిరని ఎక్కడను లేదు.

ఇచ్చట నా తప్పు చెప్పుకొనవలసియున్నది. మా సంఘములో క్రిస్మసు రాత్రి ఇంటింటికి వెళ్లి పాడు దళమొకటి యుండెడిది. ఆరుగురము. హార్మోనియము వాయించు అన్న చనిపోయెను. తబలా తమ్ముడు పనికొరకు హైదరాబాదు చేరెను. ఇంకొక ఇద్దరు తమ పిల్లల యొద్దకు వెళ్లిపోయిరి. మిగిలినవారము ఇద్దరము. “అన్న లేని పాట ఏం పాట?” అని నాలుగు క్రిస్మసులు మేము నోరు విప్పలేదు. దానినే నమ్మకత్వమనుకొంటిని. మా యువకులు స్పీకరు పెట్టెలో పాటలు పెట్టుకొని వీధులు తిరుగగా ఎగతాళి చేసితిని. వారికి పాట రాదంటిని. నేర్పవలసినవాడను నేనేనని ఆ ముసలివాడు అడుగువరకు నాకు తోచలేదు. అన్న గొంతును నేను కాపాడుచున్నాననుకొంటిని. నిజముగా దానిని రెండవమారు పాతిపెట్టుచుంటిని.

ప్రియులారా, మీ ఊరిలోను ఇట్టి దళమేదో యుండును. పాటల దళము కావచ్చును, కోలాటము కావచ్చును, ఆదివారపు బడి కావచ్చును. మొదటివారు పోయిరని మూసిన పెట్టె యేదైన ఉన్నయెడల, మిగిలియున్నవాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

పోయిన నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత హార్మోనియము పెట్టె మూత తీసితిమి. తిత్తి ఒకచోట చినిగియుండెను. గుంటూరు పంపి బాగుచేయించితిమి. నలుగురు పిల్లలు వచ్చిరి. ఈ డిసెంబరులో ఇంటి గుమ్మము ముందు నిలిచినప్పుడు, పాతవారము ఇద్దరము, కొత్తవారు నలుగురని మొదటనే చెప్పవలెనని నిర్ణయించుకొంటిమి. వారు మొదటి పల్లవి ఎత్తుకొనగానే అది అన్న గొంతు కాదని నా చెవికి తెలిసెను. కన్ను తడియైనది. లేచి పోలేదు, వారితో కూడ రెండవ పాదము అందుకొంటిని.