విత్తనమును కాపాడుటయు దాసోహమే

ఓం శ్రీగురు బసవలింగాయ నమః



శరదృతువు వచ్చినది. తిరుపతి, చిత్తూరు జిల్లాల మెట్టచేలలో తొలకరికి విత్తిన చెనక్కాయను ఈ దినములలో పెరికి కుప్పలు వేయుచున్నారు. రాగి వెన్నులు కోతకు వచ్చుచున్నవి. పెరటి పందిళ్ళపై బీర, సొర తీగలు కాపు ముగించుచున్నవి. అనప మాత్రము ఇంకను పూతమీద నున్నది. దాని కాయ మార్గశిర పుష్యములలో గాని చేతికి రాదు. ఇట్టి సమయమున పందిరి క్రింద నిలిచిన ఇల్లాలికి ఒక సందేహము కలుగును. ‘ఈ నిండుకాయను నేడు వండుదునా? వచ్చే ఏటికి విత్తనముగా విడుతునా?’ చూచుటకిది చిన్న సందేహమే. కాని శరణధర్మమునకు సంబంధించిన పెద్ద ప్రశ్న ఇందులో ఇమిడి యున్నది.

బసవేశ్వరుడు మనకు కాయకమును, దాసోహమును బోధించెను. కాయకముచే ఆర్జింపవలెను, ఆర్జించినది గురులింగజంగమములకు అర్పించి, ప్రసాదముగా అనుభవింపవలెను. అవసరమునకు మించి కూడబెట్టుట శరణునికి తగదు. అట్లయినచో విత్తనమును దాచుట కూడ కూడబెట్టుటయే కాదా అని కొందరు అడుగవచ్చును. ఇందుకు సమాధానము మన శరణుల, పురాతనుల చరిత్రలలోనే కలదు.

కల్యాణములో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గల శరణుడు. ఒకనాడాయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. మనకు కావలసిన దానిని మించినది మనది కాదని చెప్పి, దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను పంపెను. ఆ పేద ఇంటిలోనే ఆ దంపతులు జంగమ దాసోహమును లోటు లేక నడిపిరి. ఆశ వేరు, అవసరము వేరని ఆ తల్లి మనకు నేర్పినది.

రెండవ చరిత్ర అరువది ముగ్గురు పురాతనులలో నొకడైన ఇళయాంకుడి మారనాయనారుది. మన శ్రీకాళహస్తి కన్నప్ప కూడ ఆ అరువది ముగ్గురిలోని వాడే. పండ్రెండవ శతాబ్దమున సేక్కిళారు రచించిన పెరియపురాణమున వీరి చరిత్రలు కలవు. భక్తులకు అన్నము పెట్టి పెట్టి మారనాయనారు నిరుపేద యయ్యెను. ఒక వానరాత్రి శివుడు అతిథియై వచ్చెను. ఇంట గింజ లేదు. ఆనాడే పొలమున చల్లిన విత్తన వడ్లు గుర్తునకు వచ్చి, ఆ చీకటిలో, ఆ వానలో పోయి వానిని ఏరి తెచ్చెను. పెరటిలో ఇంకను ఎదుగని ఆకుకూరను పెరికెను. వంటచెరకు లేకున్న ఇంటి వాసములనే నరికెను. అతిథికి అన్నము సిద్ధమయ్యెను, శివుడు ప్రత్యక్షమయ్యెను.

ఈ కథను విని విత్తనమునైనను తినవచ్చునని భావింపరాదు. ఆ దంపతులు అంతకు ముందు ఎన్ని పూటలు పస్తుండిరో! అయినను తమ ఆకలికై ఆ వడ్లను ముట్టలేదు, పొలమునకే అర్పించిరి. జంగముడు వచ్చినప్పుడు మాత్రమే వెనుకకు తెచ్చిరి. అనగా విత్తనము వారి సొత్తు కాదు. అది వారి వద్ద నున్న శివుని సొత్తు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. భండారి ధనమును కాపాడును గాని తనదనుకొనడు. విత్తనము విషయమున మనమును భండారులమే. ఈ భావముతో దాచినది సంచయము కాదు, దాసోహమే.

అర్పణకు ఏరినది శ్రేష్ఠమై యుండవలెను గదా! కాని ఇండ్లలో జరుగుచున్నదేమి? మంచికాయలన్నియు వంటకు పోయి, చివరకు మిగిలిన గిడస కాయ విత్తనమగుచున్నది. ఇది పూజకు వాడిన పూవు తెచ్చుట వంటిది. తెగులు లేని, బలమైన తీగను ముందే గుర్తించి, దానిపై నడికాపులోని చక్కని కాయకు దారము కట్టి విడువవలెను. బీర, సొర తీగపైననే ఎండి, కదపినచో లోపల గింజలు గలగలలాడవలెను. వంకాయ పసుపు వారువరకు చెట్టున నుండవలెను. దాని గుజ్జును నీట పిసికినచో గట్టిగింజ అడుగున నిలుచును, తాలు పైకి తేలును. చెనక్కాయను పొట్టుతోనే నిలువ చేసి, విత్తుటకు ముందు మాత్రమే ఒలువవలెను.

బాగుగా ఎండిన అనుములను, అలసందలను జల్లించిన పొయ్యి బూడిదతో కలిపి మట్టికుండలో పోసి మూతికి పేడ మెత్తుట మన పెద్దల పద్ధతి. బూడిద తేమను పీల్చును, పురుగును పెరుగనీయదు. పొయ్యి బూడిద విభూతి కాదు, నిజమే. అయినను అష్టావరణములలో నొకటైన భస్మమును నిత్యము ధరించు మనకు, బూడిద పూసుకొని మొలకకై వేచియుండు ఆ గింజను చూడగా భక్తి కలుగక మానదు.

‘విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా?’ అని సామెత. సంకర విత్తనముల విషయమున ఈ సామెత తప్పిపోయినది. వాని పంటనుండి తీసిన గింజ వేసిన, తల్లిని పోలినవి కొన్ని, పోలనివి కొన్ని మొలచును. అందుచే ఏటేట అంగడికి పోవలసినదే. కొనుట దోషమని చెప్పుట లేదు. కాని అత్త చేతినుండి కోడలి చేతికి వచ్చిన ఇంటి చిక్కుడు, ఇంటి సొర ఒక్క సంవత్సరము విత్తక, దాచక విడిచినచో తిరిగి ఏ అంగడిలోను దొరకదు. గురువు చేతినుండి శిష్యుని అరచేతికి ఇష్టలింగము వచ్చినట్లు, ఇదియు చేతినుండి చేతికి రావలసిన ధనము. నడుమ ఒక్క చేయి ముడుచుకొనినచో పరంపర తెగిపోవును.

రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, ఇచ్చి పుచ్చుకొనుటకు 2001వ సంవత్సరపు సస్యరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము హక్కు నిచ్చినది. హక్కు చట్టము నిచ్చునది. దానిని ధర్మముగా మార్చుకొనుట మన వంతు.

కావున ఈ కార్తీకమున ప్రతి ఇంట విత్తనమును మూడు పాళ్ళు చేయుదము. ఒకటి మన పెరటికి. ఒకటి కులము అడుగక ఇరుగుపొరుగునకు. ఒకటి మఠమునకు, వచ్చే తొలకరిలో విత్తనము లేక వచ్చిన వానికి అది ప్రసాదమగును. మన కుండలో పురుగు పట్టిన ఏట పొరుగువాని కుండ మనలను కాపాడును. తానొక్కడే దాచుకొనినవాని విత్తనము ఒక్క వానకు పోవును. పదిమందికి పంచినవానిది ఎక్కడనో ఒకచోట మొలచుచునే యుండును.

శరణు శరణార్థి.