అడవి మంటలో కాలని గింజ

గీత నాలుగో అధ్యాయం వీడియో విని ఒక పెద్దావిడ అడిగారు: "నాన్నా, ఇరవై ఏళ్లుగా కష్టాల మంటలోనే ఉన్నా. ఈపాటికి నా కర్మంతా కాలిపోయి ఉంటుంది కదా?"

37వ శ్లోకంలో భగవానుడు కర్మల్ని బూడిద చేస్తుందన్నది జ్ఞానాగ్ని. కష్టాగ్ని అనలేదు. ఈ తేడా నాకు బాగా అర్థమైంది ఆస్ట్రేలియా అడవుల గురించి చదివాకే.

2019-20లో అక్కడ నెలల తరబడి అడవులు తగలబడ్డాయి. వానలు పడ్డాక ఆ బూడిదలోంచే వాటిల్ మొలకలు వచ్చాయి. మన తుమ్మకి చుట్టమే అది. దాని గింజ పెంకు ఎంత గట్టిదంటే నీటి చుక్క లోపలికి పోదు, ఏళ్ల తరబడి మట్టిలో అలాగే పడుంటుంది. పైన ఎంత మంట ఉన్నా రెండు మూడు వేళ్ల లోతుకి వచ్చేసరికి మట్టి చాలా వేడిని ఆపేస్తుంది. పైగా గింజ బాగా ఎండి ఉంటుంది కాబట్టి ఉడికిపోదు. (నానిన గింజైతే అంతకన్నా తక్కువ వేడికే చచ్చిపోతుంది!) చాలా రకాలకి 80 డిగ్రీల ప్రాంతంలో వేడి తగిలితే చాలు, పెంకు మీద చిన్న మూత లాంటి భాగం విచ్చుకుంటుంది. ఇక వాన పడటమే ఆలస్యం. మన నర్సరీల్లో తుమ్మ, సుబాబుల్ గింజల మీద వేడినీళ్లు పోసేదీ ఇందుకే.

అంటే మంట చెట్టుని కాల్చింది, గింజని లేపింది.

కష్టం కూడా పైన ఉన్నవాటినే కాలుస్తుంది: డబ్బు, ఆరోగ్యం, పేరు. లోపల "నాకే ఎందుకిలా", "వాళ్ల వల్లే ఇదంతా" అనే గింజలు ఆ వేడికే మొలుస్తాయి. ఒకే కష్టం పడి మెత్తబడినవాళ్లూ ఉన్నారు, చేదెక్కినవాళ్లూ ఉన్నారు. అందుకే ఏడుస్తున్న మనిషితో "మంచిదేలే, కర్మ కరుగుతోంది" అనడం నాకు నచ్చదు.

యోగసూత్రాల వ్యాసభాష్యంలో దగ్ధబీజం అనే మాట ఉంది. రాగద్వేషాలు వేయించిన విత్తనాల్లా అయిపోవాలట. మూకుట్లో వేయించిన శనగ చూడటానికి శనగే, పాతితే మొలవదు. అక్కడ మట్టి అడ్డం లేదు. గింజని బయటికి తీసి, దగ్గర కూర్చుని తిప్పుతూ వేయించాలి. విచారణ అంటే ఆ పనే.

అమ్మా, మీ ఇరవై ఏళ్లు వృథా అనడం లేదు. మట్టిలో దాగిన గింజ చేతికి దొరకదు, మొలిచింది దొరుకుతుంది. ఈ రాత్రి దీపం దగ్గర కూర్చున్నప్పుడు, ఎవరి పేరు తలచుకుంటే ఒళ్లు మండుతుందో ఆ ఒక్క పేరు తీసుకోండి. "ఈ మంట ఎవరికి? నాలో దేన్ని పట్టుకుని ఉంది?" అని నెమ్మదిగా అడగండి. రేపు మళ్లీ అదే పేరు.