మాట రాని పిల్లాడికి ముహూర్తం

మాటలు రాని పిల్లాణ్ణి తెస్తే, తల్లిదండ్రులకు హస్తామలకుడి కథ చెప్పి ఊరడించడం మా పురోహితుల్లో చాలామందికి అలవాటు. శంకర విజయంలో ఉంది. శ్రీబలి అగ్రహారంలో ప్రభాకరుడి కొడుకు పలకడు, ఆడడు. జడుడే అనుకున్నారు. నువ్వెవరని శంకరులు అడిగేసరికి ఆత్మస్వరూపాన్ని శ్లోకాల్లో చెప్పాడు. "మీవాడూ జ్ఞానేమో" అనగానే తల్లి ముఖం వికసిస్తుంది. ఇంకో ఏడాది ఊరుకుంటుంది. అదే నాకు నచ్చదు. ఆ కథలో నాకు పనికొచ్చింది ఒక్కటే: తండ్రి గోడు విన్నాక కూడా శంకరులు ప్రశ్న పిల్లాణ్ణే అడిగారు.

"ఏ జన్మ కర్మండీ ఇది?" అని అడిగేవాళ్లూ ఉంటారు. కర్మను నేను నమ్ముతాను, కాదనను. కానీ మూగతనం వాడి ప్రారబ్ధమైతే, వాడు మన కడుపున పుట్టడం మన ప్రారబ్ధం కాదా? లెక్క వాడొక్కడి ఖాతాలోనే రాసి చేతులు దులుపుకోవడం ఏ శాస్త్రం?

శాస్త్రమూ తిన్నగా లేదులెండి. మూగవాడికి తిండీ బట్టా ఇమ్మంది మనుస్మృతి, ఆస్తిలో వాటా మాత్రం వద్దంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఏ లోపమూ వాటాకు అడ్డు కాదని తేల్చింది. ఇక్కడ నేను చట్టం పక్షమే. ఋగ్వేదమే వాక్కుకు నాలుగు పాదాలని, మూడు గుహలో దాగి ఉంటాయని, మనుషులు పలికేది నాలుగోదేనని చెబుతోంది. పైకి వినపడని వాడిలో వాక్కే లేదని ఎలా అంటాం?

అలాగని ఆ నాలుగో పాదం దానంతటదే వస్తుందని కూర్చోకూడదు. మా చెల్లెలి మనవడికి జిల్లా ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ చేయిస్తుంటే వెంట వెళ్లాను. థెరపీ చేసే అమ్మాయి నేలమీద వాడికి ఎదురుగా కూర్చుంది. బంతి చేతిలో పట్టుకుని "బంతి కావాలా?" అని ఆగింది. వాడు చెయ్యి చాపాడు. "బంతి! ఇదిగో బంతి" అంటూ దొర్లించింది. మాట అంటేనే ఇస్తానని బెట్టు చెయ్యలేదు. మా చెల్లెలైతే ఇంట్లో "నీళ్లు అను, అంటేనే ఇస్తా" అని గ్లాసు పైకెత్తి పట్టుకునేది. అది మానమంది. బొమ్మల కార్డు చూపించి అడిగినా సరే ఇవ్వమంది. కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడేమోనని మావాళ్ల భయం. అలా ఏమీ జరగదట. నాకైతే ఆ కార్డు కూడా వాక్కే.

ఇక వస. నాయనమ్మలు నాలుకకు ఇంకోసారి అరగదీసి రాయాలంటారు. మగపిల్లలకు మాట ఆలస్యమేననీ అంటారు. వినికిడి లోపముంటే వస ఏం చేస్తుంది? అందుకే ముందు చెవి చూపించమంటాను, అవసరమైతే నిద్రపుచ్చి బెరా అనే వినికిడి పరీక్ష చేస్తారని చెబుతాను. చెవి బాగానే ఉండి మాట ఒక్కటే ఆగిన పిల్లలూ ఉంటారు. వాళ్లకూ థెరపీ కావాలి.

"మంచిరోజు చూడండి పంతులుగారూ, ఆసుపత్రికి వెళ్తాం" అన్నాడు మొన్న ఒకాయన. అక్షరాభ్యాసానికి చూస్తాను నాయనా, దీనికి వర్జ్యం లేదు, రేపు పొద్దున్నే వెళ్లమన్నాను. రేపు అమావాస్య అన్నాడు. అయినా వెళ్లమన్నాను.