కూతురిలా చూసుకునే పని

"నీ అదృష్టం వదినా, కూతురిలా చూసుకుంటోంది." మా అమ్మను చూడ్డానికి వచ్చినవాళ్లంతా అనే మాట ఇదే. విన్నప్పుడల్లా నాకూ తృప్తిగానే ఉండేది. అసలు కూతురు హైదరాబాద్‌లో పాఠాలు చెప్పుకుంటూ నెలకు రెండుసార్లు రైలెక్కి నంద్యాల వస్తుంది. జీతానికి వచ్చిన అమ్మాయి రెండు గంటలకోసారి అమ్మను పక్కకు తిప్పి పడుకోబెడుతుంది.

తుంటి ఎముక విరిగాక అమ్మ మళ్లీ నడవలేదు. ఆళ్లగడ్డ అవతల ఒక పల్లె నుంచి వచ్చి నంద్యాలలో గది తీసుకుని ఉంటున్న ఈ అమ్మాయి పది చదివి, మూడు నెలల 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్' శిక్షణ పొందింది. వీపు మీద ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి, తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టేనని నాకు చూపించింది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టింది. గడ్డం కాస్త కిందికి వంచి తాగిస్తే నీళ్లు పొలమారవంది. శ్రమ గురించి డాక్టరేట్ చేసిన నాకు వీటిలో ఒక్కటీ తెలియదు.

వచ్చిన మొదటి వారమే అమ్మ ఆమె కులం అడిగింది. మలమూత్రాలు ఎత్తడానికి అడ్డురాని కులం వంటింటి గడప దగ్గర అడ్డొచ్చింది. వంటావిడ వండి గిన్నె బయట పెడితే, ఈమె తెచ్చి తినిపించేది. ఆ చేతి ముద్ద తినడానికి అమ్మకు నెల పట్టింది. అయినా గడప మాత్రం చివరిదాకా అలాగే ఉండిపోయింది. పెద్దావిడ, ఈ వయసులో ఏం మారుస్తాంలే అని నేను ఊరుకున్నాను. పురుడు పోసిన మంత్రసానినీ, పురిటి గుడ్డలు ఉతికిన చాకలినీ వాకిట్లోనే నిలబెట్టిన ఊళ్లు మనవి. సర్టిఫికెట్ చూస్తే గడప తొలగిపోతుందని ఎలా అనుకున్నానో!

ఒకరోజు ఆప్యాయంగానే అన్నాను, "నువ్వు మా ఇంటి మనిషివే" అని. "ఇంటి మనిషికి ఆదివారం సెలవుండదు గదక్కా" అంది. నవ్వుతూనే అంది.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. వాళ్లమ్మకు కర్నూల్లో గర్భసంచి ఆపరేషన్. నాలుగు రోజులు సెలవు కావాలంది. మా కాలేజీలో సెమిస్టర్ పరీక్షలు, నేను రాలేను. "ఒక్క వారం ఎలాగో సర్దుకో" అన్నాను. సర్దుకుంది. ఆసుపత్రిలో తల్లి దగ్గర చెల్లెలు ఉండి, ఇంటర్ ప్రాక్టికల్స్ పోగొట్టుకుంది. మా పరీక్షలు మాత్రం సక్రమంగా జరిగాయి. ఈ సంగతి నాకు రెండు నెలల తర్వాత, ఏదో మాటల్లో తెలిసింది. ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు.

2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ అంకెలు నేనే క్లాసులో చెబుతాను. నా 299 నిమిషాలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది. మా తమ్ముడి వైపుకైతే పోలేదు. అమ్మ బాధ్యత గురించి వాణ్ని ఎవరూ అడగలేదు, నేను కూడా. ఆళ్లగడ్డ అమ్మాయి మీదికీ, అక్కణ్నుంచి వాళ్ల చెల్లెలి మీదికీ జారిపోయాయి. ఇలా ఇతరుల సేవ మీద ఆధారపడుతూనే దాన్ని పట్టించుకోనక్కర్లేని సౌలభ్యాన్ని జోన్ ట్రాంటో 1993లో బాధ్యతారాహిత్యపు ఆధిక్యంగా వివరించింది. చదివినప్పుడు అది మగవాళ్ల గురించనుకున్నాను.

ఈవా కిట్టే 1999లో వచ్చిన 'లవ్స్ లేబర్'లో ఇంకో మాట చెబుతుంది. బాలింత బిడ్డను చూసుకుంటుంటే, ఆ బాలింతను చూసుకోవడానికి ఒకరుండాలి. సేవ చేసేవాళ్లకు సమాజం చేయాల్సింది అదేనంటుంది. మన పుట్టిళ్లు పురుళ్లకు చేసే పని కాబట్టి ఇది మనకు కొత్త కాదు. కానీ జీతానికి వచ్చినామెకు పుట్టిల్లు ఎవరు? నేను కాలేకపోయాను. ఒక ఇల్లు అది కాగలదా అన్నది కూడా నాకు అనుమానమే.

శిక్షణ ఇస్తే గౌరవం వస్తుందని మనం సభల్లో అంటుంటాం. శిక్షణ తర్వాత ఎక్కడికి? ఏఎన్ఎం కావాలంటే ఇంటర్ ఉండాలి, మళ్లీ రెండేళ్లు మొదటినుంచి చదవాలి. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం గుర్తించే డిప్లొమాకు కనీసం 2,000 గంటల చదువు కావాలి. మా అమ్మ మంచం పక్కన ఈ అమ్మాయి గడిపినవి పద్నాలుగు నెలల్లో నాలుగు వేలకు పైనే. అవి చదువు కాదు, నిజమే. అయినా సున్నా ఎలా అవుతాయి? 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దాని ముందు నుంచే ఆమె ఆటోలో వచ్చేది.

"ప్రేమ లేకుండా ఈ పని చేయలేమక్కా. అది జీతంలో మాత్రం లేదు" అంది ఒకసారి. ప్రేమను జీతంలో కలపాలని కాదు ఆమె అన్నది. ప్రేమ ఆమె ఇష్టం, ఇస్తే ఇస్తుంది. సెలవు, ఓవర్‌టైమ్, ఎదిగే దారి నేను బాకీ. కూతురు అనగానే బాకీ కాస్తా బంధమైపోతుంది, అడగడం మర్యాద కాకుండా పోతుంది. ఆ మాట వాడింది ఆమె కాదు, మేమే. ఆమె అమ్మను ఎప్పుడూ 'అవ్వా' అనే పిలిచింది.

అమ్మ పోయిన నెలకు ఫోన్ చేసింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కడుతోందట. కొత్తచోట చూపించడానికి అనుభవం రాసిమ్మంది. కూర్చుని, "మా అమ్మను సొంత కూతురిలా" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. రోజుకు పన్నెండు గంటలు, పద్నాలుగు నెలలు, కదలలేని రోగి, ఒక్క పడక పుండూ లేదు అని రాసి చదివి వినిపించాను.

కాసేపు మాట్లాడలేదు. "రాత్రిపూట ఆయమ్మ రానప్పుడు నేనే ఉన్నా గదక్కా, అవి కూడా రాయండి" అంది. ఎన్ని రాత్రులని అడిగాను. ఆమె దగ్గర లెక్క ఉంది.