మందారానికి మంచినీళ్లు



బందరులో మా డాబా మీద కుండీలో ఓ ముద్దమందారం. మొన్న వేసవిలో డీలాపడింది. ఆకుల అంచులు మాడాయి. మొగ్గలు విచ్చకుండానే రాలాయి. ఆకలేమో అనుకుని ఎరువు వేశాను. ఇంకా వాడింది.

పక్కింటి పిన్నిగారిది నాగాయలంక వైపు. కుండీ అంచున తెల్లటి పొరను గోటితో గీకి చూశారు. "ఆకలి కాదు నాయనా, ఉప్పు. బోరు నీళ్లేనా పోసేది?" అన్నారు.

అవే. సముద్రం పక్క ఊరు మరి. నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. వేరు చుట్టూ తడి ఉన్నా మొక్కకు దాహమే.

పిన్నిగారి దివిసీమకు ఈ ఉప్పు కొత్త కాదు. 1977 నవంబరు ఉప్పెనలో సముద్రం పొలాల మీదికే వచ్చింది. ఉప్పెక్కిన చేలో మంచినీళ్లు నిలగట్టి, మురుగుకాలవలోకి వదిలేయాలి. చేనుకైనా కుండీకైనా అదే వైద్యం. ఉప్పును కడగాలి.

కుండీ కింద పళ్లెం తీసేశాను. అడుగున పూడిన చిల్లు పొడిచాను. తొలకరి వాన నీళ్లు బకెట్లో పట్టి, కిందికి కారిపోయేదాకా నిదానంగా పోశాను. ఎండుకొమ్మలు కత్తిరించి నీడకు జరిపాను. ఎరువు జోలికి పోలేదు. అదే కష్టం నాకు, చేయి ఊరుకోదు.

పిన్నిగారు రోజూ గోడ మీంచి తొంగిచూస్తున్నారు. నిన్న పొద్దున కణుపు దగ్గర ఆవగింజంత చిగురు.